రౌతు మెత్తనైతేనే

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మన సామెత. పిల్లలను కొట్టని మాస్టారి మీద, కూలీలను కసరని మేస్త్రీ మీద, గొంతు పెంచని అధికారి మీద దీన్ని ప్రయోగిస్తూనే ఉంటాం. కానీ గుర్రాల మధ్య బతికేవాళ్లకు మూడు కాళ్ల మీద నడిచే గుర్రం కనిపిస్తే రౌతు స్వభావం గుర్తుకు రాదు. ముందు వంగి గిట్ట ఎత్తి చూస్తారు. లాడం పక్కన రాయి ఇరుక్కుందా, మేకు పచ్చిచోట దిగిందా, గిట్ట లోపల చీము పట్టిందా, కాలు ఎక్కడైనా వేడిగా ఉందా అని తడుముతారు. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. గుర్రం తన నొప్పిని నడకలోనే చెప్పగలదు. దాన్ని పొగరనుకుని చాబుకు తీసిన మనిషి, చెప్పే ఆ ఒక్క దారినీ మూసేస్తాడు.

ఈ కథనం బెదురు గుర్రాల గురించి. ప్లాస్టిక్ కవర్ ఎగిరితే పక్కకు దూకేవి, జీను చూడగానే చెవులు వెనక్కి వాల్చేవి, కొత్త మనిషి చెయ్యి తగిలితే ఒళ్లంతా బిగబట్టేవి. అలాంటి గుర్రం మీద మొదటి సవారీలు ఎలా జరగాలన్నదే ఇక్కడి విషయం. దానికి మౌలాలికి మించిన ప్రారంభస్థలం మన దగ్గర లేదు.

ఇవాళ మౌలాలి అంటే రైళ్లు. గూడ్స్ యార్డు, లోకో షెడ్డు, హెచ్‌బీ కాలనీ, ఈసీఐఎల్ వైపు పోయే బస్సులు, అటు పక్కన నాచారం ఫ్యాక్టరీలు. హైదరాబాద్ గుర్రప్పందేలు మొదలైంది మాత్రం ఇక్కడే. 1868లో నిజాం ప్రభుత్వ ఆదరణతో మౌలాలిలో పందేలు పెట్టారు. అప్పుడు గద్దె మీద ఉన్నది అఫ్జలుద్దౌలా, దివాను మొదటి సాలార్‌జంగ్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆనాటికి రెండేళ్ల పసివాడు. ఆయన ఎదిగి పాలన చేపట్టాక 1886లో పందేలను తన మహలుకు దగ్గరగా మలక్‌పేటకు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత కొంతకాలం సికింద్రాబాద్‌లో నడిచి, 1968లో తిరిగి మలక్‌పేటకు చేరాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. గుర్రాలు కనిపించకుండా పోయిన చోట్ల కూడా ఊరి పేర్లు వాటిని వదల్లేదు. గుర్రపుదండు పేరు మోస్తున్న బొల్లారం రిసాలా బజార్, గడ్డి అంగడి పేరు నిలుపుకున్న సికింద్రాబాద్ ఘాస్‌మండీ, గుర్రం సమాధి పేరు మోస్తున్న పాతబస్తీ పడమటి ఘోడేకి ఖబర్.

పందేలకన్నా ముందునుంచీ మౌలాలికి గుర్రంతో ఇంకో బంధం ఉంది. దర్గా కొండ కింద మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో పోయిన కవయిత్రి, గాయని, నర్తకి ఆమె. ఉర్దూలో సొంత దివాన్ (కవితల సంపుటి) కూర్చిన తొలి మహిళల్లో ఒకరిగా సాహిత్య చరిత్రలో ఆమెకు చోటుంది. సవారీ, విలువిద్య, బల్లెం విసరడం కూడా నేర్చింది. రెండో నిజాం యుద్ధాలకు బయల్దేరినప్పుడు మగ దుస్తులు వేసుకుని, గుర్రమెక్కి, మూడుసార్లు వెంట వెళ్లింది. తల్లి కడుపులో ఉండగా మౌలాలి దర్గా దగ్గరే గండం గడిచి తాను బతికానన్న నమ్మకం ఆమెను ఈ కొండకు జీవితాంతం కట్టిపడేసింది. తల్లి రాజ్ కన్వర్ కోసం ఇక్కడే సమాధి కట్టించింది. చివరికి తానూ అదే ఆవరణలో పడుకుంది. పాడుబడిన ఆ ఆవరణను 2010 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ నిధులతో బాగుచేశారు. ఆమె జాగీరైన అడిక్‌మెట్‌లో కొంత భూమి ఇవాళ ఉస్మానియా యూనివర్సిటీది.

ఆమె గుర్రాన్ని ఎవరు దిద్దారో, ఆ గుర్రం పేరేమిటో మనకు మిగల్లేదు. అయినా ఒక సంగతి ఊహించుకోవచ్చు. ఫిరంగి మోతల మధ్య, ఏనుగుల పక్కన, వేలమంది గుంపులో గుర్రం నిలబడాలంటే రౌతు కండబలం పనికిరాదు. నాలుగైదు క్వింటాళ్ల జంతువు నిజంగా పారిపోదామనుకుంటే ఆపగల మనిషి ఎక్కడా లేడు. ఆ గుర్రం నిలబడిందంటే, మీద కూర్చున్న మనిషి ఉన్నంతసేపూ తనకేమీ కాదని అంతకు ముందు ఎవరో దానికి ఓపికగా నేర్పి ఉండాలి.

దక్కను సైన్యాలకు ఆ ఓపిక ఒక వృత్తి. కొత్త గుర్రాలను సవారీకి దిద్దే మనిషిని ఉర్దూలో చాబుక్ సవార్ అంటారు. నాందేడ్ దగ్గరి మాళేగావ్ జాతర నుంచి, బొంబాయి రేవులో దిగే అరబ్బీ గుర్రాల మందల నుంచి కొన్నవాటిని సిపాయి ఎక్కేలా తయారుచేసేది ఇలాంటివాళ్లే. ఇలా దిద్దిన గుర్రాలతోనే ఆటలూ, యుద్ధాలూ సాగాయి. 1896లో బెంగళూరు నుంచి గోల్కొండ కప్ పోలో ఆడటానికి హైదరాబాద్ వచ్చిన జట్టులో విన్‌స్టన్ చర్చిల్ అనే కుర్ర అధికారి ఉన్నాడు. ఆ జట్టు ఓడించింది నిజాం సొంత దళమైన గోల్కొండ బ్రిగేడ్‌ను. అప్పట్లో దేశంలో పేరు మోసిన పోలో జట్లలో అదొకటి. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా దాకా వెళ్లారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ రౌతులకు గుర్తు. విగ్రహాలు రౌతులకే దక్కాయి. గుర్రాలను దిద్దినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు, ఈ వృత్తి చరిత్రలో నన్ను ఎక్కువగా బాధపెట్టే లోటు అదే.

ఇక బెదురు సంగతి. గుర్రం తోడేలుకూ పులికీ ఆహారంగా బతికిన జాతి. ముందు పరుగెత్తి తర్వాత ఆలోచించినవే మిగిలాయి. తలకు రెండు పక్కలా ఉన్న పెద్ద కళ్లతో చుట్టూ దాదాపు 350 డిగ్రీలు చూస్తుంది. దానికి కనబడని చోట్లు నుదుటికి ఎదురుగా కొద్దిమేర, తోకకు సరిగ్గా వెనక. మనం ప్రేమగా నుదురు నిమరబోతే ఆ చెయ్యి దగ్గరికొచ్చేసరికి దాని చూపులోంచి మాయమై, ఉన్నట్టుండి తగులుతుంది. చెవులు దేనికది తిరుగుతాయి. మన చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే గుర్రం 33 వేల దాకా వింటుంది. చర్మం కింద పల్చటి కండరమొకటి ఉంటుంది. ఈగ ఎక్కడ వాలితే సరిగ్గా అక్కడే దాన్ని అదరగొడుతుంది. ఈగ బరువు తెలిసే ఒంటికి మడమతో పొడిచి చెప్పాల్సిన మాట ఏముంటుంది?

మనిషి ఒంటినైతే గుర్రం పుస్తకంలా చదివేస్తుంది. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం కూడికలు, తీసివేతలు చేస్తోందని జనం విరగబడి చూసేవారు. 1907లో ఆస్కర్ ఫుంగ్స్ట్ అనే శాస్త్రజ్ఞుడు అసలు విషయం తేల్చాడు. సరైన అంకె దగ్గర అడిగిన మనిషి తల కనీకనిపించకుండా కదిలేది, ఆ కదలిక చూసి హాన్స్ గిట్ట తట్టడం ఆపేసేది. అడిగినవాళ్లకే తెలియని కదలిక అది. 2009లో స్వీడన్‌లో చేసిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. గుర్రాన్ని నడిపిస్తున్నవాళ్లకు, ఎక్కి కూర్చున్నవాళ్లకు ఈసారి ఎదురుగా గొడుగు తెరుస్తామని చెప్పారు. నిజానికి తెరవలేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది, దానితోపాటు గుర్రాల గుండె వేగమూ పెరిగింది. 2016లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీవాళ్లు కోపంగా ఉన్న మనిషి ఫొటో చూపిస్తే గుర్రాలు దాన్ని ఎడమ కంటితో ఎక్కువగా చూశాయని, గుండె వేగం పెరిగిందని గమనించారు. కోపంలో ఉన్నప్పుడు గుర్రం జోలికి పోవద్దని గ్రీకు రౌతు జెనోఫన్ రెండు వేల మూడు వందల ఏళ్లకు ముందే రాసిపెట్టాడు. మనకూ అశ్వశాస్త్రాలు తక్కువేం లేవు. కల్యాణి చాళుక్యుల సోమేశ్వరుడు మానసోల్లాసంలో గుర్రాల సవారీకి ప్రత్యేకంగా చోటిచ్చాడు. మనుమంచిభట్టు హయలక్షణ విలాసం తెలుగులోనే ఉంది.

బెదురు గుర్రం చేతికొస్తే శిక్షణకన్నా ముందు జరగాల్సింది వైద్యపరీక్ష. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. తంగు (జీనును పొట్ట కింద బిగించే పట్టీ) బిగిస్తుంటే కొరకబోయే గుర్రాన్ని కోపిష్టిదంటారు. గుర్రం కడుపు పది లీటర్లకు అటూ ఇటూ పట్టే చిన్న సంచి. మేసినా మేయకపోయినా అందులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. రోజులో సగానికి మించి గడ్డి మేయడానికి పుట్టిన జంతువుకు రెండుపూటలా దాణా పెట్టి, మిగతా వేళంతా ఖాళీ తొట్టి ముందు కట్టేస్తే పేగుపూతలాంటి పుండ్లు కడుపులో లేస్తాయి. పందెపు గుర్రాల్లో ఇది చాలా మామూలు జబ్బు. ఆ పుండ్ల మీద తంగు బిగిస్తున్నామన్నమాట. ఉలవ గుగ్గిళ్లు మంచివే, కానీ ఎండుగడ్డి ఎప్పుడూ నోటికి అందేలా ఉంటే సగం కోపం దానంతటదే పోతుంది. పళ్లు చూడాలి. పై దవడ దంతాల అంచులు పదునెక్కి బుగ్గల లోపలి చర్మాన్ని కోస్తుంటాయి. కళ్లెం లాగినప్పుడల్లా గుర్రం తల విసిరేస్తోందంటే కారణం అక్కడే ఉండొచ్చు. ఏడాదికోసారైనా వాటిని అరగదీయించాలి. వీపు వెంట వేళ్లతో మెల్లగా నొక్కుతూ పోవాలి. ఒకచోట ఒళ్లు కుంగితే జీను సరిపోవడం లేదని అర్థం. ఒక గుర్రం జీను ఇంకో గుర్రానికి వేయడం మన దగ్గర అలవాటైపోయింది. దాని ఫలితం మూపు మీద తెల్లవెంట్రుకల మచ్చలుగా మిగిలిపోతుంది.

వయసు మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పందెపు గుర్రాలను రెండేళ్లు నిండీ నిండకుండానే ఎక్కుతారు. వెన్నుపూసల ఎదుగుదల పూర్తయ్యేసరికి గుర్రానికి అయిదో ఏడు దాటుతుంది. లేత వయసులో కొద్దిపాటి పరుగు ఎముకను గట్టిపరుస్తుందని చూపిన పరిశోధనలూ ఉన్నాయి, కాబట్టి దీని మీద వాదన తెగలేదు. నా మొగ్గు ఆలస్యం వైపే. మూడేళ్లు దాటాక తేలిక మనిషితో కొన్ని నిమిషాల సవారీ, నాలుగు దాటాక పని. బరువు సంగతికి వస్తే జీనుతో కలిపి గుర్రం బరువులో అయిదో వంతు మించకూడదన్నది అనుభవం చెప్పే హద్దు. 2008లో అమెరికాలో చేసిన అధ్యయనంలో నాలుగో వంతు, అంతకు మించి మోసిన గుర్రాల కండరాలు నొప్పి చూపించాయి.

అప్పుడు శిక్షణ మొదలుపెట్టాలి. భుజం పక్కన నిలబడి, చూపు నేల మీదికి దించి, ఊపిరి నిదానంగా వదులుతూ. చెయ్యి ముందుగా భుజం మీద వేయాలి. గుర్రం కదలకుండా ఉన్న క్షణంలో చెయ్యి తీసేయాలి. అసలు కిటుకు ఆ తీసేయడంలో ఉంది. తన మీద ఒత్తిడి ఎప్పుడు తొలగిందో ఆ క్షణంలో తాను చేస్తున్న పనినే గుర్రం సరైనదిగా గుర్తుపెట్టుకుంటుంది. అది ఉలిక్కిపడి దూకినప్పుడు చెయ్యి తీస్తే దూకడం నేర్పినట్టు. నిలబడ్డప్పుడు తీస్తే నిలబడటం నేర్పినట్టు. తాడు లాగి ముందుకు రమ్మన్నా ఇదే లెక్క. ఒక్క అడుగు వేసిన మరుక్షణం తాడు సడలాలి. ఆలస్యం రెండు మూడు సెకన్లు దాటితే పాఠం చెదిరిపోతుంది. బెల్లం ముక్క, క్యారెట్ ఇచ్చి నేర్పేవాళ్లున్నారు, బెదురు గుర్రాల విషయంలో అది బాగా పనిచేస్తుంది కూడా. జేబులు తడిమే అలవాటు రాకుండా తల పక్కకు తిప్పి బుద్ధిగా ఉన్నప్పుడే ఇవ్వాలి.

దాని ఒళ్లు ఏం చెబుతోందో చూస్తూ ఉండాలి. తల దించడం, కనురెప్ప వాల్చడం, కింది పెదవి వేలాడటం, ముక్కుతో నిట్టూర్చడం మంచి గుర్తులు. కంటి తెల్లగుడ్డు కనిపించడం, ముక్కుపుటాలు బిగుసుకోవడం, తోక అదిమిపెట్టడం, నోరు గట్టిగా మూసుకోవడం ప్రమాదం గుర్తులు. పెదవులు నాకుతూ నమిలితే ‘లొంగింది’ అని సంబరపడతారు. బెదురు తగ్గుతూ ఒళ్లు వదులవుతున్న వేళ అది కనిపిస్తుంది, అంటే అంతకు ముందు గుర్రం బిగుసుకుపోయి ఉందన్నమాట. పదే పదే నములుతుంటే మనం పదే పదే హద్దు దాటుతున్నామేమో చూసుకోవాలి.

కాళ్లు కట్టేసి, ఒంటి మీద గోనెసంచులతో చరుస్తూ, అలసి ఆగేదాకా భయపెట్టే పద్ధతి పాతకాలం నుంచీ ఉంది. గంటలో గుర్రం కదలకుండా నిలబడుతుంది. చూసేవాళ్లకు అద్భుతంగా ఉంటుంది. ఆశ వదులుకున్న జంతువు అలాగే నిలబడుతుంది. ఆ నిశ్శబ్దాన్ని నమ్మి రోడ్డెక్కితే ఏదో ఒక రోజు లారీ హారన్‌కు లోపలి భయమంతా ఒక్కసారి బయటపడుతుంది.

జీనుకు ముందు దుప్పటి. వేయడం, తీయడం, మళ్లీ వేయడం, రెండు వైపుల నుంచీ. ఎడమ కన్ను చూసింది కుడి కంటికి తెలియదన్న నమ్మకం గుర్రాలవాళ్లలో బలంగా ఉంది. పరీక్షిస్తే అది నిజం కాదని తేలింది. కానీ అమెరికాలోని కొలరాడోలో చేసిన ప్రయోగంలో ఇంకో సంగతి బయటపడింది. పిల్లలు ఆడుకునే పెద్ద ప్లాస్టిక్ బొమ్మ ఒకదానికి గుర్రాలను బాగా అలవాటు చేశాక దాన్ని 90 డిగ్రీలు తిప్పి పెట్టారు. గుర్రాలు కొత్త వస్తువును చూసినట్టే బెదిరాయి. వెళ్లేటప్పుడు పట్టించుకోని చెత్తకుండీకి తిరిగొచ్చేటప్పుడు గుర్రం ఎందుకు ఉలిక్కిపడుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. దాన్ని మొండితనమని తిట్టిన రౌతులంతా గుర్రానికి క్షమాపణ చెప్పుకోవాలి.

దుప్పటి కుదిరాక జీను. తంగు ఒక్కసారిగా బిగించకుండా ఒక్కో రంధ్రం చొప్పున, మధ్యలో నాలుగడుగులు నడిపిస్తూ. రికాబులు వేలాడుతూ డొక్కకు తగులుతుంటే అలవాటు పడేదాకా చేతితో నడిపించాలి. తర్వాత పొడవాటి పగ్గాలు రెండు వెనక నుంచి పట్టుకుని, మనిషి కింద నడుస్తూనే కుడి, ఎడమ, ఆగు నేర్పాలి. ఇది చేసిన గుర్రానికి మొదటి సవారీ నాటికి సగం భాష వచ్చేసి ఉంటుంది. పైన బరువొక్కటే కొత్త.

ఆ బరువును కూడా ఒకేసారి పెట్టరు. తల దగ్గర గుర్రానికి బాగా తెలిసిన సయీసు (గుర్రాల కాపరి) నిలబడాలి. రౌతు పీట మీద నిలబడి, పైనుంచి వంగి, జీను మీద చేతులు ఆనించాలి, దిగాలి. తర్వాత బోర్లా పొట్ట ఆనించాలి, దిగాలి. గుర్రం ఊపిరి మామూలుగా ఉంటేనే మరుసటి మెట్టు. కాలు అవతలికి వేసేటప్పుడు బూటు దాని పిర్రకు తగలకూడదు. ధబాలున కూలబడకుండా మెల్లగా బరువు దించాలి. కూర్చున్నాక మెడ నిమిరి, దిగిపోవాలి. మొదటి సవారీ అంతే. నడవకపోయినా పరవాలేదు.

ఇక్కడే మనుషులు తప్పటడుగు వేస్తారు. బాగా కుదిరింది కదా, ఒక చుట్టు తిరుగుదాం అనిపిస్తుంది. చుట్టు కూడా బాగుంటే దుల్కీ (మెల్లని పరుగు) చూద్దామనిపిస్తుంది. నా దృష్టిలో బెదురు గుర్రం బతుకును నిర్ణయించేది ఈ క్షణమే. బాగున్నప్పుడే దిగిపోయిన రౌతును మర్నాడు గుర్రం చెవులు ముందుకు పెట్టి చూస్తుంది. అలసిపోయేదాకా, పొరపాటు చేసేదాకా, తిట్లు తినేదాకా సాగిన మొదటి సవారీని అది ఏళ్ల తరబడి మరిచిపోదు. గుర్రం జ్ఞాపకం అలాంటిది. మొదటి వారాల్లో పది నిమిషాలు చాలు. నడక, ఆగడం, పెద్ద పెద్ద మలుపులు. పగ్గం వెనక్కి లాగడంకన్నా పక్కకు తెరిచి దారి చూపడం. ఎప్పుడైనా పరుగందుకుంటే రెండు చేతులా లాగి పోట్లాడకుండా ఒకవైపు పగ్గంతో మెల్లగా చుట్టు తిప్పి, నిదానించాక వదిలేయడం. నడక నిలకడగా కుదిరాకే దుల్కీ, అది కుదిరాకే పోయా (అంతకన్నా వేగమైన పరుగు). సర్పట్ పరుగు మాట చాలా నెలలదాకా తలవద్దు.

రౌతు కోసం ఒక మాట. భయపడ్డ మనిషి మోకాళ్లు బిగిస్తాడు, ఊపిరి బిగబడతాడు, పగ్గం పొట్టి చేస్తాడు. ఈ మూడూ గుర్రం భాషలో ‘ముందేదో ప్రమాదముంది’ అని చెప్పడమే. ఊపిరి గట్టిగా వదలండి. కూనిరాగం తీస్తే ఇంకా మంచిది, పాడుతూ ఊపిరి బిగబట్టడం కుదరదు. హెల్మెట్ లేకుండా ఎక్కవద్దు. మడమ ఉన్న బూటు వేసుకోవాలి, లేకపోతే పాదం రికాబులోంచి జారి ఇరుక్కుంటుంది. మన ఎండలకు తెల్లవారుజామునే పని ముగించాలి. చెమటతో గుర్రం ఉప్పు బాగా పోగొట్టుకుంటుంది. నీళ్ల తొట్టి పక్కన ఉప్పుగడ్డ వేలాడదీసి ఉంచాలి.

మెత్తదనమంటే ఏది చేసినా ఊరుకోవడం అనుకుంటే మాత్రం మన సామెతే గెలుస్తుంది. మనిషి మీదికి తోసుకొచ్చే గుర్రాన్ని ముద్దు చేస్తే రేపది ఒక పిల్లాడి కాలు తొక్కుతుంది. నా స్థలంలోకి రావద్దని చెప్పాలి, ప్రతిసారీ, ఒకేలా. ఒకరోజు నవ్వి, ఒకరోజు కొడితే గుర్రానికి లోకం అర్థం కాదు. బెదురంతా ఆ అర్థంకానితనంలోంచే పుడుతుంది. అడగడం మాత్రం చెవికి వినిపించీ వినిపించనంత మెల్లగా మొదలవ్వాలి. ఇలా దిద్దిన గుర్రం ఎక్కడిదాకా పోగలదో 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కనిపించింది. సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలాల జట్టు డ్రెస్సాజ్‌లో స్వర్ణం గెలిచింది. గుర్రపు సవారీలో మనకు ఆసియా స్వర్ణం రావడం 1982 తర్వాత అదే మొదలు. రౌతు ఏం అడిగాడో కంటికి కనిపించకుండా గుర్రం చేసి చూపడమే ఆ ఆటలో గొప్పతనం.

మన ఊళ్లో బెదురు గుర్రాలు ఎక్కువగా వచ్చేది పందెపు బతుకు ముగిశాక. వాటిని అర్థం చేసుకోవాలంటే అంతకు ముందు ఏం నేర్చాయో తెలియాలి. రోజులో ఎక్కువ భాగం గదిలోనే గడుపుతాయి. జాకీని చాలాసార్లు నడుస్తుండగానే పైకి ఎత్తి కూర్చోబెడతారు కాబట్టి ఎక్కేటప్పుడు నిలబడాలని వాటికి తెలియదు. పగ్గం బిగిస్తే కళ్లెం మీద ఆనుకుని ఇంకా వేగంగా పోవాలని నేర్చాయి. అలాంటి గుర్రం మీద కొత్త మనిషి కూర్చుని, భయమేసి, ఆపడానికి పగ్గం లాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తప్పు గుర్రానిది కాదు, అది పాత పాఠం అప్పజెబుతోంది. ముందు కొన్ని నెలలు పచ్చిక మీద తోటి గుర్రాలతో వదిలేయాలి. తర్వాత పైన చెప్పిన మెట్లన్నీ, పిల్లగుర్రానికి నేర్పినట్టే, మొదటినుంచి. నేర్చినది మరిపించి నేర్పాలి కాబట్టి ఇంకాస్త ఎక్కువ కాలం పడుతుంది. నగర పోలీసు గుర్రపు దళానికైనా, శివరాంపల్లి పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణార్థులు సవారీ నేర్చుకునే గుర్రాలకైనా జనం మధ్య నిలబడే ధైర్యం ఇలా మెట్టు మెట్టుగానే వస్తుంది. డప్పు ముందు దూరంగా మోగాలి, గుర్రం మేతలో ఉండగా. దాని చెవి అటు తిరగడం మానేశాకే డప్పు ఇంకాస్త దగ్గరికి రావాలి.

బారాత్ గుర్రానికి ఈ అదృష్టం లేదు. ఉప్పల్, నాచారం, మౌలాలి ఫంక్షన్ హాళ్ల ముందు పెళ్లిళ్ల సీజనులో మనకు కనిపించే గుర్రం అదొక్కటే. డీజే స్పీకర్లు, జనరేటర్ లైట్లు, కాళ్ల దగ్గర పటాకుల సరాలు, కళ్ల మీద వేలాడే పూసలు, చుట్టూ గుంపు. ఒక్కోటీ ఓర్చుకోగల భయాలే, అన్నీ కలిసి ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. పటాకుల మోతను ఓర్చుకున్న గుర్రం ఆ తర్వాత బెలూన్ పగిలినా దూకొచ్చు. అంత భయంలో గుర్రాన్ని నిలబెట్టడానికి కొన్నిచోట్ల వాడే సాధనం ముళ్ల కళ్లెం. నోట్లో ఇనుప ముళ్లు నాలుకకూ పెదవి మూలలకూ గుచ్చుకుని, లాగినప్పుడల్లా కోస్తాయి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1965లో వచ్చిన నిబంధనల్లో ఎనిమిదోది ముళ్లున్న కళ్లేలను నిషేధించింది. బతుకుతెరువు కోసం గుర్రాన్ని పెంచే కుటుంబాల మీద మాత్రమే దీని భారం మోపడం నాకు న్యాయమనిపించదు. పటాకులు తెచ్చేది వాళ్లు కాదు, మనం.

అందుకే పెళ్లి పెద్దలకు కొన్ని విన్నపాలు. గుర్రాన్ని మాట్లాడుకునేటప్పుడు పగటిపూట వెళ్లి దాని నోరు తెరిపించి చూడండి. కళ్లెంలో ముళ్లుంటే ఆ గుర్రం వద్దని చెప్పండి, నున్నటి కళ్లెం వేస్తేనే బయానా ఇస్తామనండి. స్పీకర్ బండి గుర్రానికి కనీసం ముప్పై గజాల ముందు నడవాలని డీజేవాళ్లకు ముందే చెప్పండి. పటాకులు గుర్రం వెళ్లిపోయాక కాల్చుకోవచ్చు. పెళ్లికొడుకుతోపాటు తోడుపెళ్లికొడుకును, ఇంకో మేనల్లుడిని ఎక్కించకండి. ఊరేగింపు మధ్యలో ఒకచోట బకెట్ నీళ్లు పెట్టించండి. ముళ్ల కళ్లెం కంటపడితే ఫొటో తీసి దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఫిర్యాదులో 1965 నిబంధన ఎనిమిది అని రాయండి.